మూరెడు గోడ, పదకొండు రెక్కల హీటరు

మా ఆదిలాబాద్ చలి గురించి నేను మొదలుపెట్టానంటే ఇంట్లో ఒక్కొక్కరే లేచి వెళ్లిపోతారు. మా ఆవిడ పొయ్యి మీద పాలున్నాయంటుంది, పొయ్యి వెలిగించకపోయినా సరే. అందుకే మీకు చెబుతున్నాను. మీరు మధ్యలో పేజీ తిప్పేసినా నాకు తెలియదు గనక బాధ లేదు.

మొన్న సంక్రాంతికి నాలుగు రోజుల ముందు హైదరాబాదు నుంచి కొడుకూ కోడలూ మనవడూ వచ్చారు. గడపలో కాలు పెట్టగానే కొడుకు "బాపూ, పాణం మంచిగున్నదా" అని అడుగుతాడనుకున్నాను. "బాపూ, రూం హీటర్ లేదా? పోరనికి జలుబైతది" అన్నాడు. ఈ ఇంట్లో పుట్టి, ఈ చలిలోనే ముక్కు కారుస్తూ పెరిగినవాడు!

హైదరాబాదు వాళ్ల చలి సంగతి నాకు తెలుసు. అక్కడ ఇప్పటిదాకా నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు. అది కూడా 1946 జనవరి 8న. వాళ్లకు అది రికార్డు. మాకు ఆరు డిగ్రీలంటే ఓ మోస్తరు తెల్లవారుజాము. సముద్రం మాకు దూరం. గాలిలో తేమ ఉండదు, ఆకాశంలో మబ్బుండదు. పగలు నేల తాగిన ఎండంతా పొద్దుగూకగానే పైకి ఎగిరిపోతుంది. ఆ మీద ఉత్తరాది గాలి. పోనీ చల్లటి ఊరా అంటే అదీ కాదు, మే నెలలో 45 డిగ్రీలకు ఎక్కి కూర్చుంటుంది. ఎముకలు కొరికే చలీ, మాడు పగిలే ఎండా రెండూ చూసే ఊరు మాది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తరవాత పనికొస్తుంది.

మా రోజుల్లో హీటరు అనే మాటే లేదు. గొంగడి ఉండేది. ఇప్పటి పిల్లలకు గొంగడి అంటే హోటల్లో గోడకు అలంకారంగా తగిలించే గుడ్డ. మా బాపు గొంగడి నల్ల గొర్రెల ఉన్నితో కురుమలు నేసింది. నేశాక దానికి చింతగింజల గంజి పట్టించేవాళ్లు. కొత్తలో అట్టలా నిలబడేది, ముళ్లలా గుచ్చుకునేది. గొర్రె వాసన, చింతగింజల వాసన కలిసి ముక్కులోకి ఎక్కేవి. రెండు వానలు తడిసి, నాలుగు ఎండలు తిన్నాక మనిషికి మాలిమయ్యేది. తెల్లారగట్ల చేనుకాడి నుంచి బాపు వస్తుంటే మంచు చుక్కలు గొంగడి మీద పూసల్లా నిలిచేవి, లోపలికి దిగేవి కావు. ఆయన దాన్ని దులిపి, నన్ను అందులోకి లాక్కునేవాడు. వాట్లు లేవు, వోల్టులు లేవు. ఒంటి వేడి ఒంటికే మిగిలేది.

కిందకు బొంత. అమ్మ పాత చీరలు ఏడెనిమిది పొరలుగా పరిచి, పండగలు లేని నెలల్లో కూర్చుని కుట్టేది. పొరకూ పొరకూ మధ్య గాలి చిక్కుకుంటుంది. కదలని గాలి వేడిని పోనివ్వదు. ముప్పై నాలుగేళ్లు పిల్లలకు ఫిజికల్ సైన్స్ చెప్పినవాణ్ని, ఈ సంగతి పుస్తకంలో చదవకముందే వీపుకు తెలుసు.

ఆ మీద ఇల్లు. మట్టి గోడలు మూరెడు మందం. పైన గూన పెంకులు, కింద అటక, అటక మీద జొన్నల బస్తాలు. కిటికీలు పిల్లి దూరేటంత. పగటి ఎండ ఆ గోడలో పడి, మెల్లమెల్లగా నడుచుకుంటూ లోపలి వైపుకు చేరేసరికి చీకటి పడేది. అంటే పగలు కాచిన ఎండను రాత్రి కప్పుకుని పడుకునేవాళ్లం. ఎండాకాలం అదే గోడ మధ్యాహ్నపు మంటను సాయంత్రం దాకా గుమ్మం బయట నిలబెట్టేది. ఒకే గోడ, రెండు కాలాల కొలువు. పేడతో అలికిన నేల ఉత్త కాళ్లకు జివ్వుమనేది కాదు. గోడకు ఆవల పశువుల కొట్టం. నాలుగు ఎడ్ల ఊపిరి కూడా ఇంటికి వేడే.

పొద్దున లేవగానే వాకిట్లో మంట. పత్తి కట్టె, ఎండిన తొగరి కట్టె, ఏదుంటే అది. మంట పక్కనే మూడు రాళ్ల మీద నీళ్ల గుండి. పొద్దెక్కాక తూర్పు గోడకు వీపానించి ఎండకు కూర్చోవడం. జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం, నువ్వులూ బెల్లం. మందుల దుకాణం మొహం చూసింది ఎవరు?

ఇప్పటి ఇల్లు చూడండి. పైన స్లాబు, పక్కన తొమ్మిదంగుళాల ఇటుక, కొన్ని చోట్ల నాలుగున్నరే. గోడ నిండా జారుడు అద్దాల కిటికీలు. కింద అద్దంలా మెరిసే టైల్స్. పొద్దున మంచం దిగి కాలు పెడితే నడినెత్తి దాకా షాకు కొడుతుంది. మనవడు "తాతా, ఈ నేలకే ఎందుకింత చలి" అన్నాడు. వాడి ఒక కాలు టైలు మీద, ఇంకో కాలు బొంత మీద పెట్టించాను. "రెంటిలో ఏది చల్లగున్నది?" అన్నాను. "టైలు" అన్నాడు. "రాత్రంతా ఒకే గదిలో ఉన్నయి గదరా, రెండూ ఒకే చల్లన. టైలు నీ కాలిలోని వేడిని గబగబ గుంజుకుంటది, బొంత గుంజుకోదు. అంతే తేడా." వాడు రెండు కాళ్లూ బొంత మీదికి మార్చుకున్నాడు. తెలివైనవాడు, నా పోలికే.

ఇక దుకాణం. కొడుకు రాత్రంతా ఫోనులో నక్షత్రాలు లెక్కపెట్టాడు. మా రోజుల్లో ఆకాశంలో లెక్కపెట్టేవాళ్లం. నాలుగున్నర నక్షత్రాలది కావాలన్నాడు. నేను చూసి కొందామన్నాను. ముగ్గురం బయల్దేరాం, మా ఆవిడతో కలిపి.

దుకాణంలో కుర్రవాడు వరసగా పెట్టాడు. మొదటిది ఎర్రగా వెలిగే రాడ్డు హీటరు, దాని తమ్ముడు హాలోజన్ హీటరు. ఇవి గాలిని కాదు, ఎదురుగా ఉన్న మనిషిని కాలుస్తాయి. స్విచ్చి వేసిన నిమిషంలో వెచ్చన. కానీ ముందు భాగం రొట్టెలా కాలుతుంటే వెనక భాగం వణుకుతుంది. నాకు నాగోబా జాతర గుర్తొచ్చింది. ఇంద్రవెల్లి దగ్గర కొత్తగా ఉద్యోగం చేస్తున్న రోజులు. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో జాతర. మెస్రం వంశస్తులు అంత చలిలో కాలినడకన పోయి గోదావరి జలం తెస్తారు. రాత్రి మర్రిచెట్ల కింద మంటల చుట్టూ జనం. నేను మంటకు ముఖం పెట్టి కూర్చుంటే ఒక గోండు పెద్దాయన నవ్వి, నా భుజం పట్టి వెనక్కు తిప్పాడు. కాసేపు ముఖం, కాసేపు వీపు, అదీ పద్ధతి. రాడ్డు హీటరు కొనేవాళ్లకు ఆయన చెప్పిన పాఠమే చాలు. ఒక్క మనిషి, ఒక్క కుర్చీ, అరగంట పని ఉంటే అది మేలు. రాత్రంతా పడుకునే గదికీ పాకే పిల్లలున్న ఇంటికీ పనికిరాదు.

రెండోది బ్లోయర్. ఫ్యాను వెనక తీగ చుట్ట. వెయ్యి వాట్లకో మీట, రెండు వేలకో మీట. గదిని తొందరగా వెచ్చబరుస్తుంది, ఆపగానే అంత తొందరగానూ చల్లబరుస్తుంది. రాత్రంతా చెవి పక్కన పిండిమర. మూడోది ఆయిల్ హీటరు. తొమ్మిది రెక్కలు, పదకొండు రెక్కలు, పదమూడు రెక్కలు. చూడటానికి ఇనుప పుస్తకం నిలబెట్టినట్టుంటుంది.

"సార్, గిది తీస్కోండి. చప్పుడుండదు, కరెంటు తక్కువ తింటది" అన్నాడు కుర్రవాడు.

నాలోని సారు మేలుకున్నాడు. "వెయ్యి వాట్ల బ్లోయర్ గంట నడిస్తే ఎన్ని యూనిట్లు?"

"ఒకటి సార్."

"వెయ్యి వాట్ల ఆయిల్ హీటరు?"

కుర్రవాడు తల గోక్కున్నాడు. "ఒకటే సార్."

అదీ సంగతి. ఒక యూనిట్ కరెంటును ఏ హీటరులో పోసినా వచ్చేది సుమారు 860 కిలోకేలరీల వేడే. నూనెలో పోస్తే ఎక్కువ రాదు, గాలిలో పోస్తే తగ్గదు. ఆదా ఏదైనా ఉంటే అది థర్మోస్టాటుది. గది వెచ్చబడగానే ఆగి, చల్లబడగానే అందుకుంటుంది. ఆగినంతసేపే ఆదా. ఒక్క చుట్టం మాత్రం ఈ లెక్కకు లొంగదు. అది వేడి గాలి కూడా ఇచ్చే ఏసీ. అది వేడిని పుట్టించదు, బయటి గాలిలో ఉన్న కాస్త వేడినీ తోడుకొచ్చి లోపల పోస్తుంది. అందుకే యూనిట్‌కు రెండింతలు, మూడింతలు కూడా ఇవ్వగలదు. మేలో 45 డిగ్రీల కోసం ఎలాగూ ఏసీ కొనే ఊళ్లో, కొనేదేదో రెండు పనులు చేసేదే కొనొచ్చు గదా. ఆ మాట ఏ దుకాణంలోనూ ముందు చెప్పరు, చెబితే రెండు అమ్ముడుపోవు.

ఇంతలో మా ఆవిడ ఆయిల్ హీటరు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. "మూత ఏది? నూనె ఎక్కడ పోయాలె? పల్లి నూనె నడుస్తదా?" అంది. కుర్రవాడు నవ్వాపుకుని, నూనె లోపల సీలు వేసి ఉంటుందనీ, అది మండదనీ, తగ్గదనీ చెప్పాడు. వేడిని పట్టి ఉంచడమే దాని పని. వేడెక్కడానికి ఇరవై నిమిషాలో అరగంటో పడుతుంది, ఆపాక కూడా కాసేపు వెచ్చగా ఉంటుంది. "అయితే ఇది మన పాత ఇంటి గోడ లెక్కనే" అంది ఆవిడ. ముప్పై నాలుగేళ్ల నా పాఠాల్లో ఇంత చక్కటి పోలిక నేను చెప్పలేదు. పదకొండు రెక్కలది కొన్నాం.

దారిలో నేను మళ్లీ అందుకున్నాను. మా రోజుల్లో వాకిట్లో మంట ఉండేది, చుట్టూ పదిమంది ఉండేవాళ్లు, ఇప్పుడు ఈ ఇనుప రెక్కల ముందు... ఆవిడ ఆటోలోనే ఆపింది.

"ఆ మంట ఎవరు రాజేసిండ్రు? కట్టె ఎవరు మోసుకొచ్చిండ్రు? మీరు కాగిండ్రు, నేనూ అత్తమ్మా ఊదినం. ఆమె కండ్లు ఆఖరికి పొగకే పాయె. మీ రోజులు మీకే మంచి రోజులు."

ఆటో డ్రైవరు అద్దంలో నావైపు చూశాడు. నేను బయటికి చూశాను.

నిజమే మరి. ఇంకొకటి కూడా ఉంది, ఇష్టం లేకపోయినా చెప్పాలి. మా వదిన బాలింతగా ఉన్నప్పుడు పుష్యమాసం. మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టి, సాంబ్రాణి వేసి, చలిగాలి తగలకుండా తలుపుల సందుల్లో గుడ్డలు కుక్కారు. నడిరాత్రి ఆమెకు తల తిరిగి వాంతి అయింది. పసిగుడ్డు ఏడవడం మానేసింది. మా అమ్మ ఎందుకో లేచి తలుపు బార్లా తీసింది. ఇద్దరూ బతికారు. పెద్దలు గాలి సోకిందన్నారు, దిష్టి తీశారు. పదేళ్ల తరవాత తరగతిలో కార్బన్ మోనాక్సైడ్ పాఠం చెబుతూ నల్లబల్ల ముందు ఆగిపోయాను. రంగు లేదు, వాసన లేదు. రక్తంలో హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఆ రాత్రి సోకిన గాలి అదే. కరెంటు హీటరు గదిలో ఆక్సిజన్‌ను తినేస్తుందని నాతో వాదించేవాళ్లున్నారు. మంట లేనిది ఆక్సిజన్‌ను ఎలా తింటుంది? గాలి వేడెక్కి పొడిబారినట్టవుతుంది, గొంతు ఎండుతుంది. ఒక గిన్నెలో నీళ్లు పెట్టుకుంటే సరి. ఆక్సిజన్‌ను తినేది కుంపటి. మూసిన గదిలో కుంపటి పెట్టుకున్నవాడు చలికి కాదు, కుంపటికి పోతాడు.

సరే, హీటరు ఇంటికొచ్చింది. కొడుకు దాన్ని కూలరుకు వాడే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించాడు. నేను వద్దంటూనే ఉన్నాను. రెండు వేల వాట్లను 230 వోల్టులతో భాగించు, 8.7 ఆంపియర్లు వస్తాయి, ఆ బోర్డు ఆరింటిది. "బాపూ, మొదలుపెట్టకు" అన్నాడు. గంటలో కాలిన వాసన. బోర్డు మూతి కరిగి, పళ్లు లేని ముసలి నోరులా అయింది. మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చి, మందం వైరు లాగి, పదహారు ఆంపుల సాకెట్టు బిగించి పోయాడు. హీటరు కొనడానికి ముందు చూడాల్సింది నక్షత్రాలు కాదు, గోడకున్న బెజ్జాలు.

ఆ రాత్రి హీటరు పదింటికి మొదలై ఆరింటి దాకా ఒక్కసారీ ఆగలేదు. పదహారు యూనిట్లు. గది మాత్రం అరకొరగానే వెచ్చబడింది. మా ఎదురింటాయనకు గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తుంది. ఇలాంటి హీటరు ఆయన ఇంట్లో ఇలా నడిస్తే పన్నెండు రాత్రుల్లో ఆ జ్యోతి ఆరిపోతుంది.

పొద్దున మనవణ్ని పిలిచి ఊదుబత్తి వెలిగించి చేతికిచ్చాను. కిటికీ అంచు వెంబడి మెల్లగా జరపమన్నాను. జారుడు అద్దాలు కలిసే చోట పొగ వంకర తిరిగింది. తలుపు కింద సాగిలపడింది. పైన వెంటిలేటర్ దగ్గర పెట్టగానే బాణంలా బయటికి పోయింది. "తాతా, మన వేడంతా గిట్లనే పోతున్నదా" అన్నాడు వాడు. మేం రాత్రంతా కాచింది గదిని కాదు, ఆదిలాబాదును. ఇద్దరం కూర్చుని పాత బొంత చింపి సందులు మూశాం, వెంటిలేటర్‌కు అట్ట బిగించాం, కిటికీకి మందం పరదా కట్టాం, మంచం ముందు నేల మీద బొంత పరిచాం. ఆ రాత్రి చీకట్లో ఒక చప్పుడు వినిపించింది. టక్. హీటరు తనంతట తానే ఆగింది. కాసేపటికి మళ్లీ టక్. తెల్లారి మీటరు చూస్తే ఏడు యూనిట్లు.

అప్పుడు కూర్చుని ఆలోచించాను. గొణగడం తేలిక. గూన పెంకుల ఇల్లు కూల్చింది ఎవరు? నేనే. 1998లో ప్రావిడెంట్ ఫండ్ లోను పెట్టి, మూరెడు గోడను పలుగుతో పొడిపించి, ఈ స్లాబు వేయించింది నేనే. ఊరంతా మట్టి ఇల్లు మానుకుంటుంటే సారు ఇల్లు మట్టిదేమిటని సిగ్గుపడింది నేనే. గోడ కూలుతుంటే లోపలి మట్టి ఇంకా వెచ్చగా ఉందని మా అమ్మ చేత్తో తడిమి చెప్పింది. నేను మేస్త్రీతో టైల్స్ రంగు గురించి మాట్లాడుతున్నాను. ఇంటిని వణికేలా మనమే కట్టుకుని, పోగొట్టుకున్న వేడిని ఇప్పుడు యూనిట్ల లెక్కన కొనుక్కుంటున్నాం. ఇందులో హీటరు తప్పు ఏమీ లేదు, పిల్లల తప్పు అసలే లేదు.

అందుకని, హీటరు కొనబోయే వాళ్లకు ముసలి సారు మాటలు నాలుగు. ముందు ఒక రూపాయి ఊదుబత్తి వెలిగించి ఇల్లు చుట్టి రండి, సందులు మూయండి, ఆ తరవాతే దుకాణానికి పోండి. గది చదరపు అడుగుకు పది వాట్లు మోటు లెక్క, పది పన్నెండడుగుల గదికి పన్నెండు వందల వాట్లు సరిపోతాయి. ఐ.ఎస్.ఐ. మార్కు, థర్మోస్టాటు, పక్కకు ఒరిగితే ఆగిపోయే మీట, ఈ మూడూ లేనిది ఊరికే ఇచ్చినా తేవద్దు. పదహారు ఆంపుల సాకెట్టు తప్ప ఇంకెక్కడా గుచ్చవద్దు. పరదాకూ పక్కకూ మూడడుగుల దూరం. దాని మీద తడి బట్టలు ఆరేయకండి, మా కోడలు చెప్పినా సరే. కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లయితే టైల్స్ రంగు కంటే ముందు గోడ మందం గురించి మేస్త్రీతో మాట్లాడండి. నేను మాట్లాడలేదు.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఆ రోజు హీటరు దుమ్ము తుడిచి అట్టపెట్టెలో పెట్టి అటక ఎక్కించండి. ఇంట్లో గొంగడి మిగిలుంటే మాత్రం ఒక పూట ఎండలో ఆరేసి, వేపాకు వేసి మడత పెట్టండి. వచ్చే పుష్యానికి కరెంటు పోయిన రాత్రి పనికొచ్చేది అదే.